నర్సమ్మ అన్నారు మా మరిదిని

నాకు అక్షరమ్ముక్క రాదు. నేను చెబుతూ ఉంటే మా కోడలు పద్మకుమారి రాస్తోంది. బళ్ళో పంతులమ్మ కదా, "నువ్వన్నది అన్నట్టు రాస్తే పై జిల్లాలవాళ్ళకి తెలీదత్తా, పుస్తకాల భాషలో పెడతాను" అంది. ఏ భాషలో పెట్టినా సరేగానీ, నా కోపం ఒక్క చుక్క తగ్గిందంటే ఊరుకోనని ముందే చెప్పాను.

మొన్న ఒక పెళ్ళిలో నా పక్కన కూర్చున్న ఆడమనిషి, మా మరిది సింహాచలం మాట వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. ఎందుకే ఆ నవ్వు అన్నాను. "ఏటీ నేదప్పా, ఆసుపత్రిలో ఆడోల పని సేసినోడు ఆయనే గదేటి" అంది. నా చేతిలో ముద్ద విస్తట్లోనే పడిపోయింది. ఇన్నేళ్ళ తరవాత కూడానా? అందుకే చెబుతున్నాను. వినేవాళ్ళు వినండి, సిగ్గుపడేవాళ్ళు పడండి.

మాది కోటబొమ్మాళి పక్క పల్లె. వరి పండించుకుని బతికేవాళ్ళం. నేను కాపురానికి వచ్చేనాటికే మా మామగారు లేరు. అత్త జగ్గమ్మ, నా పెనిమిటి సూరయ్య, ఆయన తమ్ముడు సింహాచలం, అంతే ఇంట్లో. మా అత్తకి ఒక్కడే తమ్ముడు, జోగయ్య మావ. ఆయన ఇల్లూ ఆ ఊళ్ళోనే. భార్య పోయింది, ఒక్కతే కూతురు తాయారు. ఆ పిల్ల పుట్టినప్పుడే సింహాచలం పెళ్ళాం పుట్టిందన్నారు. మాలో మేనరికం ఉండగా పిల్లని బయటికి ఇవ్వరు. ఇవ్వాలంటే ఆ మేనబావ పెద్దల ముందుకు వచ్చి, పిల్ల తండ్రి చేతి తాంబూలం అందుకుని, నాకు అభ్యంతరం లేదని తన నోటితో అనాలి. అనకపోతే ఆ సంబంధం అక్కడితో సరి.

యుద్ధం రోజుల్లో వానలు మొహం చాటేశాయి. ఇంట్లో గింజలకి కటకటగా ఉంటే సింహాచలం టెక్కలి వెళ్ళి మిలట్రీలో చేరిపోయాడు. మా అత్త శోకాలు పెట్టింది. కానీ మొదటిసారి సెలవుకి ఖాకీ బట్టల్లో దిగినప్పుడు చూడాలి ఊరి సంబరం. ఎక్కడ భోజనాలున్నా బంతిలో మొదటి విస్తరి అతనిదే. పెద్దవాళ్ళు పక్కకి జరిగి అరుగు మీద చోటిచ్చారు. జోగయ్య మావ అయితే మీసం దువ్వుకుంటూ వీధి వీధి తిరిగాడు. "మా మేనల్లుడు జపానోల్ని తరిమీసి వచ్చేడు. మా తాయారు మిలట్రీవోడి పెళ్ళాం అవుద్ది" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు. నువ్వక్కడ చేసే పని ఏమిటిరా అని అతన్ని అడిగినవాళ్ళు మాత్రం ఒక్కళ్ళూ లేరు.

నేనే అడిగాను. అన్నం వడ్డిస్తూ, "ఎంతమందిని సంపేవేటి, నాకు సెప్పు" అని ఆటపట్టించాను.

అతను నవ్వాడు. "నా సేతికి తుపాకీ ఇవ్వనేదొదినా. అస్సాంలో గుడారాల ఆసుపత్రిలో ఏసేరు. దెబ్బలు తగిలినోలికి కట్లు కట్టడం, పక్క మీంచి నెగలేనోలికి ఒళ్ళు తుడవడం, మంచం మీదే దొడ్డికి కూకోబెట్టడం. అదీ నా యుద్దం. మొదట్లో నాకు అన్నం సయించీది కాదు. తరవాత తరవాత, ఆల బాద ముందర మనకొచ్చీ కంపు ఏపాటి అనిపించీసింది."

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో సిగ్గూ లేదు, గొప్పా లేదు. కలుపు తీసి వచ్చానన్నట్టు చెప్పి చారు పొయ్యమన్నాడు. నాకు మాత్రం ఆ పూట అతని మీద ఇష్టం రెట్టింపయింది.

యుద్ధం అయిపోయాక వచ్చేశాడు. వచ్చీ రాగానే శ్రీకాకుళంలో ఆసుపత్రిలో, మగవాళ్ళ వార్డులో అదే పని దొరికింది. ఇక దాచడానికేముంది? కోటబొమ్మాళి సంతకి వచ్చినవాళ్ళ నోటి మీదుగా మాట ఊరికి చేరింది. మిలట్రీవాడు కాస్తా ఒక్క సంతరోజులో నర్సమ్మ అయిపోయాడు.

అబ్బ, ఏం మాటలండీ అవి. సెలవు దొరికి ఇంటికి వస్తే, "నర్సమ్మోరొచ్చేరు, కుర్చీ ఎయ్యండర్రా" అనేవాడొకడు. "సీర కడతారా, లాగూనేటి?" అనేవాడొకడు. మునుపు మొదటి విస్తరి వేసిన చేతులే అతన్ని బంతి చివరికి జరిపాయి. కాదు, చివర అంటే చివరా కాదు, చివరి మనిషికీ అతనికీ మధ్య ఇంకో మనిషి కూర్చునేంత జాగా వదిలి వేశాయి. చంపి వచ్చాడనుకున్నంత కాలం పక్కన కూర్చోబెట్టుకున్నారు. బతికించి వచ్చాడని తెలిశాక ముట్టుకోం అన్నారు. ఇదెక్కడి న్యాయం? నేను అడిగితే, "నీకు తెల్దు, ఊరుకో, అది మంగలోడి పని" అన్నారు. మంగలి పనే అనుకుందాం. తొడ మీద సెగ్గడ్డ లేస్తే ఎవరి కోసం పరుగెత్తుతారు? మంగలి కోసమే కదా. చీము పిండించుకుని, కట్టు కట్టించుకుని, నొప్పి తగ్గాక అతన్ని వీధిలోనే నిలబెట్టి పంపిస్తారు. ఆ బుద్ధే ఇక్కడా చూపించారు.

ఊరిదాకా ఎందుకు, మా అత్త సంగతే చెబుతాను. కన్నతల్లి. కొడుకు వస్తే గుమ్మానికి అడ్డం నిలబడేది. నూతి దగ్గర తల మీంచి స్నానం చేసి, బట్టలు అక్కడే తడిపి, తడిబట్టతో పెరటి దారిన రావాలి. పండక్కి పట్టుకొచ్చిన బెల్లం దిమ్మ మీద కూడా నీళ్ళు చల్లేది. అతను ఆవిడ చెప్పినట్టే చేసేవాడు. నా పెనిమిటి సూరయ్య నోట్లో నాలుకే లేదు, తలొంచుకుని గేదె దగ్గరికి పోయేవాడు. నాకేమో ఒళ్ళు మండిపోయేది. "అత్తా, రేపు నువ్వు మంచం మీద పడితే ఎవులు సేస్తారు? నాను సెయ్యాల. అప్పుడు నన్నూ పెరటి దారినే రమ్మంటావేటి?" అని అడిగేశాను. నువ్వు ఆడదానివి, నువ్వు చెయ్యచ్చు అంది. ఆడది చేస్తే సేవ, మగవాడు చేస్తే మైల. ఈ మాట ఎవరు పుట్టించారో నా ఎదుటికి వస్తే బాగుణ్ణు.

జోగయ్య మావ పెళ్ళి మాట ఎత్తడం మానేశాడు. మా అత్త పోరగా పోరగా ఒకసారి ఇంటికి వచ్చి, "ఆ పని ఒగ్గీమను. ఒగ్గీసిన మర్నాడు తాయారునిస్తాను. నేదంటే నేదు" అన్నాడు.

సింహాచలం ఇంట్లోనే ఉన్నాడు. "నాకు బాగా వచ్చిన పని అదొక్కటే మావా. దాన్నెలాగ ఒగ్గీమంటావు?" అన్నాడు నెమ్మదిగా. మావ విసురుగా లేచిపోయాడు.

ఆ ఏడు కోతలప్పుడు వరిపనల బండి చెరువుగట్టు మీద ఒరిగి, జోగయ్య మావ కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. నాటువైద్యుడు వెదురుబద్దలు వేసి కట్టాడు. కాలు వాచి నల్లబడింది. ఇక లాభం లేదని రైల్లో ఆమదాలవలస తీసుకెళ్ళి, అక్కడినుంచి బండి మీద శ్రీకాకుళం ఆసుపత్రికి చేర్చాం. వంట చేసిపెట్టడానికి నేనూ తాయారూ వెంట వెళ్ళాం. మగవాళ్ళ వార్డు. ఆ వార్డులో పగలంతా ఉండే మనిషి సింహాచలం.

డాక్టరుగారు కాలికి బరువు కట్టి మంచం చివర వేలాడదీశారు. వెల్లకిలా పడుకోవాలి, కదలకూడదు, కూర్చోకూడదు. మరి మిగతా పనులన్నీ? ఏవైనా మంచం మీదే. జోగయ్య మావకి ఆ సంగతి తెలిసేసరికి మొహంలో నెత్తురుచుక్క లేదు. బెడ్డుపాను చూసి గోడవైపు మొహం తిప్పేసుకున్నాడు. తిండి మానేశాడు, నీళ్ళు మానేశాడు. కడుపు రాయిలా బిగుసుకుపోయినా పళ్ళు బిగించుకుని ఉన్నాడు. మేనల్లుడి చేతుల్లో పడటం కంటే చావే నయమన్నాడు.

ఒక పొద్దున సింహాచలం మంచం చుట్టూ తెర లాగాడు. నేనూ తాయారూ ఇవతల బల్ల మీద కూర్చున్నాం. అతని గొంతు వినిపించింది. "మావా, నువ్వు కళ్ళు మూసుకో. నాను మీ అప్ప కొడుకుని కాను. ఆసుపత్రోడిని. నా మెడ సుట్టూ సెయ్యెయ్యి. రెండో సెయ్యి నీ నడుం కాడ ఉంచుకో, పంచి జారదు. నాను నెగదీస్తాను." కాసేపటికి లోపల్నుంచి జోగయ్య మావ ఏడుపు వినిపించింది. తాయారు నా చెయ్యి పట్టుకుంది.

అప్పట్నించి రోజూ అదే. ఒళ్ళు తుడవడం, వీపు పుండు పడకుండా నడుం కాస్త ఎత్తి మందు రాయడం, దుప్పటి కింద ముడత లేకుండా లాగడం, అన్నీ సింహాచలమే చేశాడు. అతని సెలవు రోజున ఇంకో మనిషి వస్తే మావ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "ఆడు రానీ. ఆడొచ్చీదాకా ఆగుతాను" అనేవాడు. తాయారు అదంతా చూసింది. బావకి అన్నం క్యారేజీ తనే సర్దేది, నన్ను ముట్టనిచ్చేది కాదు. నాకు అర్థమైంది. పోనీలే, కాలు విరిగినా మంచే జరిగింది, ఇంటికి వెళ్ళగానే ముహూర్తం పెట్టేస్తారనుకున్నాను. ఎంత వెర్రిబాగులదాన్ని.

జోగయ్య మావ చేతికర్ర పట్టుకుని నడుచుకుంటూ ఊళ్ళోకి వచ్చాడు. కుడికాలు సరిగ్గా ముడవదు, అంతకు మించి లోటు లేదు. పరామర్శకి వచ్చినవాళ్ళు, ఆసుపత్రిలో ఎవరు చూశారని అడిగారు. ఈ మనిషి ఏమన్నాడో తెలుసా? "నర్సమ్మలే సూసేరు. బంగారం లాంటి తల్లులు" అన్నాడు. "మరి మీ మగ నర్సమ్మో?" అని ఎవడో వెక్కిరిస్తే, వాడితో కలిసి తనూ నవ్వాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆ నవ్వు నా చెవులారా విన్నాను.

అక్కడితో ఆగాడా? నౌపడ ఉప్పు కొఠార్లలో గుమాస్తా సంబంధం తాయారుకి ఖాయం చేసుకుని వచ్చాడు. నా కడుపు రగిలిపోయింది. నలుగురూ వెళ్ళిపోయేదాకా ఆగి, నిలబెట్టి అడిగాను.

"మావా, నీకు సిగ్గు నేదేటి? పసిపిల్లోడిని సూసినట్టు సూసేడు గదా నిన్ను."

"అందుకే ఇవ్వను" అన్నాడు.

"ఏటీ?"

"పెళ్ళిలో ఆడి కాళ్ళు కడగాల్సింది నాను. పీటల మీద అల్లుడంటే నారాయణమూర్తి. ఆ నారాయణమూర్తి సేత నా పెంట ఎత్తించుకున్నాను. ఇప్పుడు సెంబు పట్టుకుని ఆడి ముందర ఎలాగ కూకోమంటావు? ఆడు నా మొకం కేసి సూస్తే నాకేటి గుర్తొస్తాదో నీకు తెల్దు."

"అదే నీకు కొడుకుండి సేస్తే?"

"కొడుకు సేస్తాడు. కొడుకు కాళ్ళు నాను కడగనక్కర్నేదు."

చూశారా తర్కం. మనిషి బతకాలి, కానీ బతికించినవాడు కంటికి కనిపించకూడదు. తన సిగ్గు తను మింగలేక, ఆ పిల్లవాడి బతుకు తీసుకెళ్ళి గంగలో కలుపుతాడట. ఆయన అంత మాట చెప్పినా నాకు ఇసుమంత జాలి కలగలేదు. నౌపడవాళ్ళ ముందు అంతా కక్కేస్తానని మరిదితో చెప్పడానికి శ్రీకాకుళం పరుగెత్తాను.

సింహాచలం వద్దన్నాడు. "వార్డులో జరిగింది వార్డులోనే ఉండాలొదినా. మావైనా అంతే, ముక్కూ మొకం తెలీనోడైనా అంతే. అది బయటెట్టుకుని పెళ్ళి సేసుకుంటే నాను ఆ పనికి తగను."

"అయితే తాంబూలానికి రాకు. నువ్వు రాకపోతే పెళ్ళాగుద్ది."

"పిల్ల దారికి అడ్డం పడి కూకోవడమూ నాకు సేతకాదు. తాయారికి ఇష్టమేనేమో, నన్ను అడగనేదు గదా."

తాయారుని నేను అడిగాను. మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. "నాన్న మాట ఎలాగ కాదంటాను అప్పా?" అంది. ఒకడు రోగి గుట్టు కాపాడతాడు, ఒకతె తండ్రి మాట కాపాడుతుంది. మధ్యన ఆ ముసలాయన హాయిగా తాంబూలాలకి తమలపాకులు తెప్పించుకుంటున్నాడు. నాకు పిచ్చెక్కినంత పనైంది.

ఆ రోజు రానే వచ్చింది. జోగయ్య మావ ఇంటి ముందు పందిరి కింద నౌపడవాళ్ళు, మా కులపెద్దలు కూర్చున్నారు. ఆడవాళ్ళం గుమ్మం దగ్గర నిలబడ్డాం. సింహాచలం తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. కూర్చోమన్నవాళ్ళు లేరు, పందిరి రాట దగ్గర నిలబడ్డాడు. పెద్దలు పిలిచారు. మేనబావకి తాంబూలం లేచి నిలబడి ఇవ్వాలి. జోగయ్య మావ పీట మీంచి లేవబోయాడు. ముడవని కాలు అడ్డొచ్చింది. చెరోపక్కన కూర్చున్నవాళ్ళు రెండు రెక్కలూ పట్టుకుని గుంజారు. బాధకి కేకపెట్టాడు.

"అలాగ లాగకండి" అని సింహాచలం రెండంగల్లో వచ్చి వంగాడు. జోగయ్య మావ చెయ్యి దానంతటదే అతని మెడ చుట్టూ పడింది. రెండో చెయ్యి నడుం దగ్గర పంచె గట్టిగా పట్టుకుంది. కళ్ళు మూసుకుపోయాయి. ఒక్క ఊపులో లేచి నిలబడ్డాడు. పందిరంతా చూస్తూనే ఉంది. నేర్పినా రాదు అలాంటిది, రోజూ చేసి ఉండాలి.

నౌపడ పెద్దాయన గెడ్డం గోక్కుంటూ, "బాగా అలవాటైన సేతుల్లాగున్నాయి. ఆసుపత్రిలో తవర్ని సూసింది ఈ కుర్రోడేనేటి?" అన్నాడు.

"సీ, ఈడా? నర్సమ్మలు సూసేరు" అన్నాడు జోగయ్య మావ.

పెద్దాయన సింహాచలం వైపు తిరిగాడు. "ఆసుపత్రి మాటలు ఆసుపత్రిలోనే బాబూ, ఇక్కడొద్దు" అన్నాడు సింహాచలం. అని తాంబూలానికి చెయ్యి చాపాడు. మావ ఆకులూ చెక్కా ఆ చేతిలో పెట్టాడు. నేను పళ్ళు నూరుకున్నాను.

అప్పుడు నా వెనకనుంచి తాయారు గొంతు వచ్చింది. "నర్సమ్మలు కాదు. బావే. నాను తెర యివతలే కూకున్నాను. బావని తప్పించి ఇంకొకల్ని నిన్ను ముట్టనిచ్చేవా నాన్నా?"

జోగయ్య మావ మొహం కందగడ్డ అయింది. "అబద్దం. దీని మాట నమ్మకండి. ఆడి మీద మనసుపడి, పదిమందిలో అబద్దాలాడతంది సిగ్గుమాలింది" అన్నాడు.

కన్నకూతుర్ని అన్నాడు ఆ మాట, పెళ్ళివారి ముందు. తన పరువు కోసం పిల్ల పరువు వీధిలో పారేశాడు. నేను నోరు తెరిచేలోపే సింహాచలం వంగి, ఆ తాంబూలం తీసుకెళ్ళి పీట మీద పెట్టేశాడు.

"నాకు అభ్యంతరం ఉన్నాది" అన్నాడు.

కులపెద్ద మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ అన్నాడు. "నన్ను ఏటన్నా పడ్డాను. తాయారుని అబద్దాలకోరంటే మాత్రం పడను. అది వస్తానంటే నా ఇంటికే వస్తాది. నా పని నాను మానను. ఇదీ అందరి ముందరే సెప్తన్నాను, తరవాత మాట రాకూడదు."

తాయారు గడప దిగి వచ్చి పందిట్లో నిలబడింది. నౌపడవాళ్ళు పళ్ళేలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

జోగయ్య మావ అటూ ఇటూ చూశాడు. కర్ర మీద ఆనుకుని, ఆఖరి అస్త్రం తీశాడు. "అయితే ఆడి కాళ్ళు ఎవులు కడుగుతారు? నాను కడగలేను. అన్నాళ్ళు నన్ను కడిగినోడి కాళ్ళు నానెలాగ..." అని ఆగిపోయాడు. ఆగేసరికి ఆలస్యమైపోయింది. అందరూ విన్నారు. ఆ మాట తిరిగి నోట్లోకి వెళ్ళదు.

సింహాచలం మొహంలో గెలిచిన కళ ఏమీ లేదు. వార్డులో మాట్లాడినట్టే మెల్లగా అన్నాడు. "నువ్వు కష్టపడొద్దు మావా. నా కాళ్ళు నానే కడుక్కుంటాను. కడగడం నాకొచ్చిన పనే గదా."

వైశాఖమాసంలో పెళ్ళయింది. పురోహితుడు సణిగాడు, శాస్త్రం ఒప్పుకోదన్నాడు. ఊరు ముసిముసి నవ్వులు నవ్వింది. జోగయ్య మావ గోడకి చేరబడి కూర్చున్నాడు, పీటల దగ్గరికి రాలేదు. సింహాచలం అందరూ చూస్తుండగా కూర్చుని, వేలికి వేలికి మధ్య కూడా రుద్దుకుని, తన కాళ్ళు తనే కడుక్కున్నాడు. చెంబుతో నీళ్ళు పోసింది నేను.